ఒక్కసారే రాసే పరీక్ష

మా ల్యాబ్‌లో కిటికీ పక్కనున్న సిస్టమ్ కోసం ఎవరూ కొట్టుకోరు. ఎండ నేరుగా స్క్రీన్ మీద పడుతుంది, ఏసీ గాలి అక్కడిదాకా రాదు. ఫస్టియర్ నుంచీ అది నా సీటే. ఎందుకంటే పొద్దున్నే దుండిగల్ వైపు నుంచి ఒక మోత మొదలవుతుంది. డబ్బాలో తుమ్మెద ఇరుక్కున్నట్టు ఉంటుంది. మీలో చాలామంది అది విని విని ఇప్పుడు వినడమే మానేసి ఉంటారు. అది పిలాటస్ పీసీ-7. ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో క్యాడెట్లు మొట్టమొదట నడపడం నేర్చుకునే విమానం. లోపల కూర్చున్నవాడు మనకంటే రెండు మూడేళ్ళు పెద్దవాడై ఉంటాడు, అంతే.

ఆ సీట్లో నేను ఉండాలనుకున్నా. ఉండలేను. ఇది దాని గురించే. తెలుగులో ఇంత పొడుగ్గా రాయడం నాకు ఇదే మొదటిసారి. మొదటినుంచీ ఇంగ్లీష్ మీడియం బ్యాచ్. తప్పులుంటే క్షమించండి.

మా ఇల్లు గండిమైసమ్మ దగ్గర. చిన్నప్పుడు జూన్‌లో, డిసెంబర్‌లో అకాడమీలో పరేడ్ ఉందంటే మా బస్తీ పిల్లలమంతా డాబాల మీదే ఉండేవాళ్ళం. విమానాలు వరసగా పోతుంటే లెక్కపెట్టేవాళ్ళం. మిగతావాళ్ళు కిందికి దిగి క్రికెట్‌కి పోయేవాళ్ళు. నేను శబ్దం పూర్తిగా ఆగేదాకా అక్కడే ఉండేవాణ్ణి. అమ్మ "నెత్తి మాడిపోతది రా, దిగు" అని అరిచేది. ఇంటర్ సెకండియర్‌లో అందరూ ఎంసెట్, జేఈఈ అంటుంటే నేను వాటితో పాటు ఎన్‌డీఏ కూడా రాశా. మ్యాథ్స్ 300, జనరల్ ఎబిలిటీ 600, మొత్తం 900 మార్కుల రాతపరీక్ష. పాసయ్యా. తర్వాత ఇంకో 900 మార్కులకి ఎస్ఎస్‌బీ ఇంటర్వ్యూ. కాల్ లెటర్ మైసూరు బోర్డు నుంచి వచ్చింది.

అప్లికేషన్‌లో ఒక చోట ప్రిఫరెన్సులు అడుగుతారు. ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ ఫ్లయింగ్, ఎయిర్‌ఫోర్స్ గ్రౌండ్ డ్యూటీ, ఇలా. నేను ఫ్లయింగ్ ఒక్కటే పెట్టి మిగతావన్నీ వదిలేశా. రెండో ఆప్షన్ పెడితే మొదటిదాని మీద నమ్మకం లేనట్టే అని అప్పటి నా థియరీ. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తా.

కాచిగూడలో ట్రైన్ ఎక్కి మైసూరు వెళ్ళా. ఎస్ఎస్‌బీ ఐదు రోజులు. మొదటిరోజు స్క్రీనింగ్‌లోనే సగానికి పైగా ఇంటికి పంపేశారు. మిగిలినవాళ్ళకి ఛాతీ మీద నంబరు. ఆ ఐదు రోజులూ మనకి పేరుండదు, నంబరే. నిమిషాల్లో కథలు రాయించారు, పదిహేను సెకన్లకో పదం చూపించి వాక్యం రాయమన్నారు, తాళ్ళు, చెక్కలు, డ్రమ్ములు ఇచ్చి టీమంతా కింద కాలు పెట్టకుండా దాటమన్నారు. నాకు ఇవన్నీ నచ్చాయి. నిజం చెప్తున్నా, నా జీవితంలో బెస్ట్ ఐదు రోజులు అవి. చివరిరోజు కాన్ఫరెన్స్ అయ్యాక ఒక ఆఫీసర్ వచ్చి నంబర్లు చదివారు. మా బ్యాచ్‌లో ముగ్గురు. అందులో నాది ఉంది. నాన్నకి ఫోన్ చేసి "రికమెండ్ అయ్యా" అని అరిచా. ఆయనకి అర్థం కాలేదు గానీ నా గొంతు విని నవ్వేశారు.

ఫ్లయింగ్‌కి అయితే ఇక్కడితో అయిపోదు. ఇంకొకటి ఉంది. దాని పేరు సీపీఎస్ఎస్, అంటే కంప్యూటరైజ్డ్ పైలట్ సెలక్షన్ సిస్టమ్. ఇంతకుముందు పీఏబీటీ అనేవాళ్ళు. మనిషి ఎంత తెలివైనవాడు, ఎంత ధైర్యవంతుడు అని అది చూడదు. అవి చూడటం అప్పటికే అయిపోయింది. ఇది చూసేది ఒక్కటే: నీ కళ్ళు, చెవులు, చేతులు, కాళ్ళు ఒకేసారి పనిచేస్తాయా? మొదట డయల్స్ చదివే భాగం ఉంటుంది. ఆల్టిమీటర్‌లో పొడుగు ముల్లు వందల అడుగులు, పొట్టి ముల్లు వేల అడుగులు. కంపాస్, స్పీడ్, విమానం ఎటు వంగింది, ఇవన్నీ చూసి చకచకా జవాబులు పెట్టాలి. అది బాగానే చేశా. తర్వాత మెషిన్. ముందు స్క్రీన్, చేతికి స్టిక్, కాళ్ళ కింద పెడల్స్. స్క్రీన్ మీద ఒక చుక్క దానంతటదే పక్కకి జారిపోతుంటుంది. దాన్ని మధ్యలో ఉన్న గడిలో ఉంచాలి. ఇంతలో ఒక లైటు వెలుగుతుంది, దాన్ని ఎడమచేత్తో ఆపాలి. ఒక శబ్దం వస్తుంది, దాన్నీ ఆపాలి. చుక్క మాత్రం నీకోసం ఆగదు.

మొదటి లైటు వెలిగింది. ఆపా. చుక్క గడి బయటికి పోయింది. తెచ్చా. శబ్దం వచ్చింది. ఆపా. చుక్క మళ్ళీ బయట. ఆ తర్వాత నేను చుక్కని నడపలేదు, అదే నన్ను ఉరికించింది.

ఫలితం అదేరోజు చెప్పారు. ఆఫీసర్ చాలా మర్యాదగా చెప్పారు. నాకు గుర్తున్నది ఆయన మాటలు కాదు, ఆయన టేబుల్ మీద పేపర్‌వెయిట్‌లో ఉన్న గాలిబుడగ. నేను అడిగా, "సర్, నెక్స్ట్ అటెంప్ట్ ఎప్పుడు?" అడిగేటప్పుడే నాకు జవాబు తెలుసు. ఈ పరీక్ష జీవితంలో ఒక్కసారే. ఇందులో ఒకసారి ఫెయిలైతే ఎన్‌డీఏ ద్వారా అయినా, డిగ్రీ తర్వాత వేరే ఎంట్రీ ద్వారా అయినా ఎయిర్‌ఫోర్స్ ఫ్లయింగ్ బ్రాంచ్ తలుపు మూసుకుపోయినట్టే. గ్రౌండ్ డ్యూటీ బ్రాంచ్‌లకి వెళ్ళొచ్చు. కానీ నేను ఆ గడులు ఖాళీగా వదిలేశానుగా. అంటే బోర్డు "వీడు ఆఫీసర్‌గా పనికొస్తాడు" అని చెప్పింది, నేనే నింపిన ఫారం "వీడికి వేరే ఏదీ అక్కర్లేదు" అని చెప్పింది. మొత్తానికి ఇంటికి వచ్చేశా.

మనకి చిన్నప్పటినుంచీ ఒకటే నేర్పారు: పడితే లే, మళ్ళీ ట్రై చెయ్. మా ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళూ అదే చెప్పారు. బాబాయి, ట్యూషన్ సార్, కిరాణా షాపు అంకుల్, అందరూ. "నెక్స్ట్ టైమ్ పక్కా కొడతావ్." నెక్స్ట్ టైమ్ లేదని ఎంతమందికి చెప్పను? కొంతకాలం తర్వాత "ఆ, కొడతా" అనడం మొదలుపెట్టా. చివరికి ప్రతివాళ్ళూ కలాం గారి దగ్గరికి వచ్చేవాళ్ళు. ఆయన కూడా పైలట్ అవుదామని డెహ్రాడూన్ వెళ్ళారు, ఇరవై ఐదు మందిలో తొమ్మిదో స్థానం వచ్చింది, తీసుకున్నది ఎనిమిది మందినే. తర్వాత ఏమయ్యారో చూడు! నాకు ఒళ్ళు మండేది. ఆయన 2006 జూన్ 8న పుణెలో సుఖోయ్ ఎక్కారు, నిజమే. అప్పటికి ఆయనకి 74 ఏళ్ళు, పైగా రాష్ట్రపతి. అంటే విమానం ఎక్కాలంటే నేను కూడా రాష్ట్రపతి అవ్వాలా?

ఇక్కడ బీటెక్‌లో చేరా. ఫస్టియర్‌లో నేను ఎవరితోనూ పెద్దగా మాట్లాడలేదని నా ఫ్రెండ్స్ ఇప్పుడు అంటుంటారు. ల్యాబ్‌లో కిటికీ పక్క సీట్లో కూర్చుని మోత వినేవాణ్ణి. అది ఇష్టమో శిక్షో నాకే తెలీదు. ఆ సెమిస్టర్ గుర్తుగా ఎం-2 బ్యాక్‌లాగ్ ఒకటి ఇప్పటికీ నాతోనే ఉంది.

వయసు మిగిలి ఉంది కదా అని ఎన్‌డీఏ మళ్ళీ రాశా. ఈసారి గ్రౌండ్ డ్యూటీ పెట్టా. రాతపరీక్ష మళ్ళీ పాసయ్యా. ఈసారి వారణాసి బోర్డు. ఒకే రకం ఎంట్రీకి మొదటిసారి వెళ్తేనే ట్రైన్ ఛార్జీలు ఇస్తారు, రెండోసారి మన జేబులోంచే. నాన్న డబ్బులిస్తూ ఏమీ అనలేదు. మొదటిరోజు స్క్రీనింగ్‌లో ఒక మసక బొమ్మ అరనిమిషం చూపించి కథ రాయమంటారు. తర్వాత గ్రూపులో కూర్చోబెట్టి చర్చ. బొమ్మలో ఒక కుర్రాడు, పక్కన ఎవరో పెద్దాయన. నేను రాసిన కథలో ఆ కుర్రాడు ఒక పరీక్ష ఫెయిలై ఇంటికొచ్చాడు, పెద్దాయన ఓదారుస్తున్నాడు. నాలుగు నిమిషాలూ ఓదార్చడంతోనే అయిపోయింది, కుర్రాడు లేచి ఏమీ చెయ్యనేలేదు. గ్రూపులో పదిహేను మంది ఒకేసారి అరుస్తుంటే నేను రెండు వాక్యాలు మాట్లాడానేమో. మధ్యాహ్నానికి లిస్టు చదివారు. నా నంబరు లేదు. పోయినసారి ఐదు రోజులు నిలబడ్డవాణ్ణి, ఈసారి లంచ్ దాకా కూడా నిలబడలేదు.

ట్రైన్ మరుసటి రోజు. ఆ సాయంత్రం గంగ ఒడ్డున మెట్ల మీద కూర్చుని మట్టి కప్పులో టీ తాగుతూ ఆలోచించా. నాకు గ్రౌండ్ డ్యూటీ కావాలని నేను నిజంగా అనుకోలేదు. "కనీసం ఇదైనా" అనుకున్నా. నన్ను చూసినవాళ్ళకి అది తెలిసిపోకుండా ఎలా ఉంటుంది?

తిరిగొచ్చాక నేను చేసిన పని మా ఇంట్లో తప్ప ఎవరికీ తెలీదు. ఆ మెషిన్‌ని మళ్ళీ కట్టడం మొదలుపెట్టా. పైథాన్‌లో పైగేమ్ వాడి జారే చుక్క, గడి, లైటు, శబ్దం రాసుకున్నా. అమీర్‌పేటలో సెకండ్ హ్యాండ్ జాయ్‌స్టిక్ దొరికింది. పెడల్స్ దొరకలేదు. నాన్న జీడిమెట్లలో ఒక చిన్న వర్క్‌షాప్‌లో లేత్ మెషిన్ మీద పనిచేస్తారు. కాగితం మీద బొమ్మ గీసి చూపించా. ఎందుకని అడగలేదు. మూడోరోజు స్క్రాప్ ఇనుముతో చేసిన పెడల్స్ తెచ్చారు. మధ్యలో ఇరుసు, రెండువైపులా ఊగేలా, నా చెప్పు సైజుకి సరిపడా. నేను దానికి ఒక పొటెన్షియోమీటర్, ఆర్డ్వినో బోర్డు తగిలించా.

మూడు వారాలు రాత్రిళ్ళు అదే పని. మైసూరులో ఆ ముందురోజు నాకు సరిగ్గా నిద్రలేదు, సీటు ఎత్తు కుదరలేదు, చేతులు చెమట పట్టాయి, ఇలా నాదగ్గర కారణాల లిస్టు ఉండేది. ఇంట్లో బాగా చేసి చూపిస్తే ఆ లిస్టు నిజమని తేలుతుంది. ఎవరికి చూపించాలో మాత్రం ఆలోచించలేదు. ప్రతి రన్ డేటా ఒక ఫైల్‌లో సేవ్ అయ్యేలా రాశా. మొత్తం 212 రన్లు. స్కోరు కొంచెం పెరిగింది, తర్వాత అక్కడే ఆగిపోయింది.

ఒక ఆదివారం మా బెంచ్‌మేట్ అసైన్‌మెంట్ కాపీ కొట్టడానికి ఇంటికొచ్చాడు. "ఇదేంది మామా, కొత్త గేమా?" అని కూర్చున్నాడు. వాడికి విమానాలంటే ఆసక్తి లేదు, జీవితంలో ఒక్కసారి కూడా విమానం ఎక్కలేదు. రూల్స్ చెప్పా. నోట్లో అమ్మ పెట్టిన చెకోడీ నములుతూ మొదటి రన్ చేశాడు. నా 212 రన్లలో బెస్ట్ స్కోరు దాటేశాడు. "బోర్ కొడ్తుంది రా" అని లేచి అసైన్‌మెంట్ రాసుకున్నాడు.

వాడు వెళ్ళాక ఇద్దరి డేటా గ్రాఫ్ వేసి చూశా. లైటు వెలిగినప్పుడల్లా నా కాలు ఆగిపోతోంది. మొదటి వారంలో దాదాపు ముప్పావు సెకను, మూడో వారంలో అర సెకను. వాడి గ్రాఫ్‌లో ఆ గ్యాప్ కనిపించనే లేదు. లైటు ఆపుతున్నప్పుడు కూడా వాడి కాలు దాని పని అది చేసుకుపోతోంది. ఓఎస్ క్లాస్‌లో కాంటెక్స్ట్ స్విచ్ చెప్పారు కదా, ఒక ప్రాసెస్ ఆపి ఇంకోటి ఎత్తుకోవడానికి కొంత టైమ్ పోతుందని. నాకు ఆ టైమ్ ఎక్కువ. నిద్ర కాదు, సీటు కాదు, చెమట కాదు. గంటకి వందల కిలోమీటర్ల వేగంతో పోయే దాంట్లో అర సెకను కాలు ఆగితే ఏమవుతుందో నేను లెక్క వేసుకోగలను. మైసూరులో ఆ మెషిన్ తప్పు చెప్పలేదు.

మీరు నమ్ముతారో లేదో, అది చూశాక ఏడుపు వచ్చింది గానీ, రెండేళ్ళ తర్వాత మొదటిసారి ఛాతీలో బరువు కూడా దిగింది. అప్పటిదాకా నాకు అన్యాయం జరిగిందనుకున్నా. అన్యాయాన్ని మోసుకుని తిరగడం చాలా అలసట.

ఆ రాత్రి నాన్నకి గ్రాఫ్ చూపించి మొత్తం చెప్పా. ఆయన చాలాసేపు స్క్రీన్ వైపు చూసి, "మా దగ్గర గూడ గంతే రా" అన్నారు. "కొత్తగ వచ్చిన పిల్లలల్ల కొందరి చేతికి లేత్ కుదరదు. ఎంత నేర్పినా ఒక చెయ్యి తిప్పుతుంటే ఇంకో చెయ్యి ఆగుతది. గది తప్పు కాదు. అసొంటోళ్ళని మిషిన్ మీద ఉంచితే వేళ్ళు పోతయి. ఇన్‌స్పెక్షన్ల పెడ్తం. ఒక్క పని మీద కన్ను పెడితే తియ్యరు వాళ్ళు. వాళ్ళు మైక్రోమీటర్ పట్టుకుని చూసి సంతకం పెట్టకుంటే మేం చేసిన పీసు ఒక్కటి గూడ గేటు దాటదు."

తర్వాత ఇంకో మాట అన్నారు. "గా పిల్లలు మొదట్ల మస్తు ఏడుస్తరు. మిషిన్ ఇస్తలేరని."

ఆ తర్వాతే కలాం గారి కథ నేను సొంతంగా చదివా, ఎవరూ చెప్పకుండా. అందరూ డెహ్రాడూన్‌లో తొమ్మిదో స్థానం దగ్గర ఆపి, అక్కణ్ణుంచి రాకెట్ల దగ్గరికి దూకేస్తారు. మధ్యలో ఒక చిన్న విషయం ఉంది. ఆయన ఆ ప్రయాణంలో ఒక్క ఇంటర్వ్యూకి వెళ్ళలేదు, రెండింటికి వెళ్ళారు. ఇంకోటి ఢిల్లీలో, రక్షణశాఖలో విమానాలకి సంబంధించిన టెక్నికల్ విభాగం. పైలట్ కాలేదని తేలాక వెళ్ళి అందులో చేరారు. ఆయన ఫారంలో రెండో గడి ఖాళీగా లేదు. నాకు ఆయన మీద ఉన్న కోపం అక్కడ పోయింది.

ఇప్పుడు నా ప్లాన్ చెప్తా, పెద్ద సస్పెన్స్ ఏం కాదు. ఎన్‌డీఏ వయసు దాటిపోతోంది. ఫైనలియర్‌లో ఏఎఫ్‌క్యాట్ రాయొచ్చు. ఏడాదికి రెండుసార్లు ఉంటుంది. అందులో టెక్నికల్ బ్రాంచ్‌కి ఏరోనాటికల్ ఇంజనీర్, ఎలక్ట్రానిక్స్ అనే విభాగంలో మన సీఎస్ఈ వాళ్ళకి కూడా అర్హత ఉంది. వయసు 20 నుంచి 26. బీటెక్‌లో 60 శాతం ఉండాలి. ఎస్ఎస్‌బీ మళ్ళీ ఐదు రోజులు, కానీ చుక్క వెంట పరిగెత్తాల్సిన మెషిన్ ఉండదు. విమానం ఎగరడానికి పనికొస్తుందని చూసి సంతకం పెట్టేవాళ్ళు కూడా అదే రన్‌వే పక్కన ఉంటారు. ఈసారి "కనీసం ఇదైనా" అని వెళ్ళను. వస్తుందా? తెలీదు. రాకపోతే ఎలా ఉంటుందో మాత్రం తెలుసు, రెండుసార్లు చూశా.

విమానం మోత వింటే ఇప్పటికీ తల పైకెత్తుతా. కొంచెం నొప్పి ఉంది. పోయిందని అబద్ధం చెప్పను.

పోయిన నెల ఎన్‌సీసీలో ఒక జూనియర్ అమ్మాయి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. "అన్నా, నాకు ఎస్ఎస్‌బీ కాల్ వచ్చింది, ఫ్లయింగ్‌కి. నీకు తెలుసంట కదా" అంది. నన్ను ఫెయిలైనవాడిగా కాకుండా తెలిసినవాడిగా ఒకరు అడగడం అదే మొదటిసారి. నాకు తెలిసింది చెప్పా. ముందురోజు ఫోన్ పక్కన పడేసి పడుకో. లైటు వెలిగినా చుక్క మీదినుంచి కాలు తియ్యకు. ఇది ఒక్కసారే, కాబట్టి వెళ్ళేముందే ఇంట్లో కూర్చుని, ఇది రాకపోతే ఏం చేస్తావో ఒక కాగితం మీద రాసుకో. భయంతో కాదు, ఇష్టంగా రాసుకో. ఫారంలో ఏ గడీ పౌరుషానికి ఖాళీగా వదలకు.

పెడల్స్ అడిగింది. ఇచ్చేశా. నాన్న చూసి, "ఆ బిడ్డ కాలు చిన్నగుంటది, ప్లేటు జర జరపాలె" అని స్పానర్ తెచ్చారు.

ఇక నా సంగతి. ఏఎఫ్‌క్యాట్‌కి బ్యాక్‌లాగ్స్ ఉంటే కుదరదు. ఎం-2 సప్లీ వచ్చే నెల. దీన్ని అయితే ఎన్నిసార్లైనా రాసుకోవచ్చు. ఇంత మంచి సదుపాయం అని ఇన్నాళ్ళూ గమనించలేదు. ఎవరిదగ్గరైనా మంచి నోట్స్ ఉంటే, ల్యాబ్‌లో కిటికీ పక్క సీట్లో ఉంటా, ఇచ్చి వెళ్ళండి.